లివర్ క్యాన్సర్‌కు ఏ చికిత్స, ఎవరికి? తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ పరీక్షలకని వెళ్లిన మా మేనమామకు స్కానింగ్‌లో లివర్‌లో గడ్డ కనిపించింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఆయన ఫైలు చంకన పెట్టుకుని ఓపీల ముందు కూర్చున్నది నేనే. పక్క కుర్చీల్లో వాళ్లు నన్ను అడిగినవి, నేను డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాశాను. నేను డాక్టర్‌ని కాను. ఇది చదివి మందులు మార్చుకోవద్దు, మీ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

లివర్ క్యాన్సర్, లివర్‌కి పాకిన క్యాన్సర్ ఒకటేనా?

కాదు. ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పెద్దపేగులోనో, రొమ్ములోనో, పాంక్రియాస్‌లోనో మొదలై లివర్‌కు పాకితే దాన్ని మొదలైన చోటి క్యాన్సర్‌గానే చూస్తారు, మందులు కూడా దానివే ఇస్తారు. లివర్ కణాల్లోనే పుట్టినదాన్ని హెపటోసెల్యులర్ కార్సినోమా అంటారు. రిపోర్టుల్లో హెచ్‌సీసీ అని ఉంటుంది. లివర్‌లోనే పుట్టే క్యాన్సర్లలో నాలుగింట మూడొంతులకు పైగా ఇదే. పైత్యరసం పారే గొట్టాల్లో పుట్టే కొలాంజియోకార్సినోమా వేరు, దాని వైద్యం వేరు. కింద చెప్పేదంతా హెచ్‌సీసీ గురించే.

మా నాన్నకూ, పక్క బెడ్డాయనకూ 4 సెంటీమీటర్ల గడ్డే. ఆయనకు ఆపరేషన్, మా నాన్నకు మాత్రలు. ఎందుకిలా?

ఎందుకంటే ఈ జబ్బులో ఒకే మనిషికి రెండు రోగాలుంటాయి. ఒకటి గడ్డ. రెండోది ఆ గడ్డ పుట్టడానికి కారణమైన పాడైపోయిన లివర్. హెపటైటిస్ బి, సి, మద్యం, ఏళ్ల తరబడి పట్టించుకోని ఫ్యాటీ లివర్ వల్ల లివర్ గట్టిపడి సిర్రోసిస్ అవుతుంది. హెచ్‌సీసీ ఎక్కువగా అలాంటి లివర్‌లోనే వస్తుంది. గడ్డను చంపడం కన్నా, దాన్ని చంపేటప్పుడు మిగిలిన లివర్‌ను కాపాడుకోవడమే కష్టం.

అందుకే డాక్టర్లు మూడు విషయాలు కలిపి చూస్తారు. గడ్డలు ఎన్ని, ఎంతెంత, రక్తనాళాల్లోకి పాకాయా అన్నది మొదటిది. లివర్ ఇంకా ఎంత పనిచేస్తోంది అన్నది రెండోది. దీనికి చైల్డ్-ప్యూ అనే లెక్క వాడతారు: బిలిరుబిన్ (కామెర్ల కొలత), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మతి తికమక, ఈ అయిదింటికీ మార్కులు వేసి ఎ, బి, సి అని విడగొడతారు. ఎ అంటే లివర్ ఇంకా నిలబడి ఉంది, సి అంటే బాగా దెబ్బతింది. మూడోది మనిషి ఓపిక. తన పని తాను చేసుకుంటున్నాడా, రోజులో ఎక్కువసేపు మంచంలోనే ఉంటున్నాడా?

ఈ మూడింటినీ కలిపి స్టేజి చెప్పే పద్ధతి బార్సిలోనా డాక్టర్లు తయారు చేసింది. బీసీఎల్‌సీ అంటారు, 0, ఎ, బి, సి, డి అని మెట్లుంటాయి. మీ నాన్నగారి గడ్డ చిన్నదే కావచ్చు, లివర్ కోతను తట్టుకోలేకపోవచ్చు. "స్టేజి ఎంత?" అని మాత్రమే అడిగి వచ్చేయకండి. "చైల్డ్ ఎ నా, బి నా?" అని కూడా అడగండి. నేను మొదటి మూడు నెలలు ఆ ప్రశ్నే అడగలేదు.

బయాప్సీ తీయకుండానే క్యాన్సర్ అన్నారు. నమ్మొచ్చా?

సిర్రోసిస్ ఉన్నవాళ్లలో, లేదా చాలాకాలంగా హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో నమ్మొచ్చు. మందు ఎక్కించి మూడు దశల్లో తీసే ట్రిపుల్ ఫేజ్ సీటీ గానీ, మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ గానీ చేసినప్పుడు ఈ గడ్డ మొదట చుట్టూ ఉన్న లివర్ కన్నా ప్రకాశంగా వెలిగి, కాసేపటికి వెలవెలబోతుంది. ఆ తీరు స్పష్టంగా ఉంటే సూది పెట్టి గడ్డ ముక్క తీయాల్సిన పనిలేదు. అనుమానంగా ఉంటేనో, సిర్రోసిస్ లేని మనిషిలో కనిపిస్తేనో బయాప్సీ అడుగుతారు. ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష తోడుగా పనికొస్తుంది గానీ, అది నార్మల్‌గా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేనట్టు కాదు. మామూలు అల్ట్రాసౌండ్ ఒక్కటే చూసి వైద్యం మొదలుపెడతామంటే మాత్రం ఆగి అడగండి.

ఆపరేషన్ చేసి తీసేస్తే అయిపోయినట్టేనా?

లివర్ బాగుండి, గడ్డ ఒకటే ఉండి, పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్‌లో ఒత్తిడి పెరగకపోతే ఆపరేషన్ చాలా మంచి దారి. లివర్‌కు మళ్లీ పెరిగే గుణం ఉంది. ఆరోగ్యమైన లివర్‌లో నాలుగో వంతు మిగిల్చినా మనిషి కోలుకుంటాడు. సిర్రోసిస్ ఉంటే ఆ వెసులుబాటు ఉండదు, 40 శాతం దాకా మిగలాలంటారు. సర్జన్లు ముందే సీటీ మీద ఎంత మిగులుతుందో కొలుస్తారు. చాలకపోతే కోసే వైపుకు వెళ్లే పోర్టల్ వెయిన్ కొమ్మను మూసేసి, రెండో వైపు కొన్ని వారాల్లో పెరిగేలా చేసి, అప్పుడు ఆపరేషన్ చేస్తారు.

అయిపోయినట్టేనా అంటే, కాదు. గడ్డ తీశారు గానీ గడ్డను పుట్టించిన లివర్ అలాగే ఉంది. అయిదేళ్లలో సుమారు 70 శాతం మందికి మళ్లీ వస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆపరేషన్ బాగా అయింది కదా అని స్కానింగ్‌లు మానేసి, ఏడాది తర్వాత పెద్ద గడ్డతో వచ్చినవాళ్లను చూశాను.

లివర్ మార్పిడి అందరికీ చేయొచ్చా?

గడ్డా, పాడైన లివరూ రెండూ ఒకేసారి పోతాయి కాబట్టి సరిపోయే పేషెంట్‌కు ఇంతకన్నా మంచి వైద్యం లేదు. ఎవరికి సరిపోతుందన్నదే చిక్కు. 1996లో ఇటలీలోని మిలాన్‌లో మజాఫెర్రో బృందం ఒక కొలత పెట్టింది: ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్ల లోపు, రెండు మూడు ఉంటే ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు, రక్తనాళాల్లోకి గానీ లివర్ బయటికి గానీ పాకి ఉండకూడదు. అలా ఎంచుకున్నవాళ్లలో నాలుగేళ్ల తర్వాత 75 శాతం మంది బతికి ఉన్నారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ మిలాన్ కొలతనే మొదట చూస్తుంది. కొన్ని సెంటర్లు కాస్త పెద్ద గడ్డలకూ ఒప్పుకుంటాయి. గడ్డ కొలత దాటితే ముందు వేరే వైద్యంతో కుదించి, కొన్ని నెలలు చూసి, అప్పుడు మార్పిడికి వెళ్లే దారి కూడా ఉంది. దాన్ని డౌన్‌స్టేజింగ్ అంటారు. "మీ గడ్డ పెద్దది, కుదరదు" అన్నప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకుని అడగండి.

మద్యం అలవాటు ఉంటే కొంతకాలం పూర్తిగా మానేశారని చూపించమంటారు, చాలాచోట్ల ఆరు నెలలు. గుండె, ఊపిరితిత్తులు పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోవాలి. మార్పిడి తర్వాత ఇమ్యూనిటీ తగ్గించే మాత్రలు జీవితాంతం వేసుకోవాలి.

లివర్ ఎవరు ఇవ్వొచ్చు? ఇచ్చినవాళ్లకు ఏమీ కాదా?

చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మ నాన్నమ్మలు, మనవలు దగ్గరి బంధువుల కింద వస్తారు. మిగతా ఎవరు ఇస్తామన్నా ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. మేనమామకు మేనల్లుడు ఇవ్వడం మన ఇళ్లలో చాలా దగ్గరి బంధుత్వమే, చట్టం దృష్టిలో మాత్రం కమిటీకి వెళ్లాలి. మాకు ఆ సంగతి చివర్లో తెలిసింది. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి లివర్ కావాలంటే జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన కార్యక్రమంలో పేరు నమోదు చేయించాలి. అది ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది, మధ్యవర్తులకు డబ్బు ఇవ్వకండి.

ఇచ్చినవాళ్ల లివర్ రెండు మూడు నెలల్లో దాదాపు పాత సైజుకు పెరుగుతుంది. అలాగని అది చిన్న ఆపరేషన్ కాదు. చాలా అరుదుగానైనా దాత ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. ఇంకో మాట. మన దగ్గర దాతలుగా ముందుకొచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. భార్య, తల్లి ఇస్తుందిలే అని ఇంట్లో ముందే తీర్మానించేసి, ఆవిణ్ణి చివర్లో అడగడం నేను చూశాను. దాతతో డాక్టర్లు విడిగా మాట్లాడతారు. ఆవిడకు ఇష్టం లేకపోతే ఆ గదిలో చెప్పొచ్చు, ఆ మాట బయటికి రాదు.

సూది పెట్టి గడ్డను కాల్చేస్తారట, నిజమేనా?

నిజమే. స్కానింగ్‌లో చూస్తూ చర్మం మీంచి సన్నటి సూదిని గడ్డలోకి పంపి, వేడితో కణాలను చంపుతారు. కరెంటు తరంగాలతో చేస్తే ఆర్‌ఎఫ్‌ఏ, మైక్రోవేవ్‌తో చేస్తే ఎండబ్ల్యూఏ. 3 సెంటీమీటర్లలోపు గడ్డలకు బాగా పనిచేస్తుంది, 2 సెంటీమీటర్లలోపు అయితే ఫలితం ఆపరేషన్‌కు దగ్గరగా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. గడ్డ పెద్ద రక్తనాళం పక్కన ఉంటే పారే రక్తం వేడిని లాగేసుకుంటుంది, పేగుకో పైత్యనాళానికో ఆనుకుని ఉంటే అవి కాలే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు వేరే దారి చూస్తారు.

టేస్ అంటే ఏమిటి? ఆపరేషనా?

కోత ఉండదు. తొడ దగ్గరో చేతి మణికట్టు దగ్గరో రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని లివర్ దాకా పంపి, గడ్డకు రక్తమిచ్చే కొమ్మలోకి కీమో మందు వదిలి, ఆ కొమ్మను మూసేస్తారు. దీని వెనక తెలివి చూడండి: మామూలు లివర్‌కు రక్తం ఎక్కువ భాగం పోర్టల్ వెయిన్ నుంచి వస్తుంది, గడ్డ మాత్రం హెపాటిక్ ఆర్టరీ అనే ఇంకో రక్తనాళం మీద బతుకుతుంది. ఆ ఆర్టరీ కొమ్మను కట్టేస్తే గడ్డ ఎండిపోతుంది, పక్కనున్న లివర్ బతికిపోతుంది. పొలంలో కలుపు ఉన్న మడికి మాత్రమే కాలవ కట్టేసినట్టు.

గడ్డలు ఎక్కువై, ఆపరేషన్‌కు కుదరక, లివర్ ఇంకా బాగున్నవాళ్లకు ఇది చేస్తారు. ఒక్కసారితో అయిపోకపోవచ్చు. చేసిన రెండు మూడు రోజులు జ్వరం, కుడివైపు నొప్పి, వాంతులు ఉంటాయి. మా మామయ్యకు 102 జ్వరం వచ్చేసరికి ఇంట్లో అందరం హడలిపోయాం. చాలామందికి వచ్చేదే, తగ్గుతుంది. వారం దాటినా జ్వరం ఉన్నా, చలి వణుకు పుట్టినా, కామెర్లు పెరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బిలిరుబిన్ ముందే ఎక్కువగా ఉన్నవాళ్లకు, పొట్టలో నీరు ఆగనివాళ్లకు టేస్ మేలు కన్నా కీడే చేస్తుంది.

వై-90 అని ఇంకోటి చెప్పారు?

అదే దారిలో కీమోకు బదులు యిట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థం నింపిన అతిచిన్న పూసలను పంపుతారు. గడ్డలోపలి నుంచే రేడియేషన్ తగులుతుంది. పోర్టల్ వెయిన్ కొమ్మలోకి గడ్డ పాకినవాళ్లలోనూ కొందరికి చేయొచ్చు. పూసలు ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయేమో చూడటానికి ముందొక పరీక్ష ఉంటుంది. ఖరీదు చాలా ఎక్కువ, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంది.

రేడియేషన్ పనికిరాదా?

ఒకప్పుడు పెద్దగా వాడేవాళ్లు కాదు. ఇప్పుడు గురి చూసి కొన్ని సిటింగ్‌లలోనే ఎక్కువ డోసు ఇచ్చే ఎస్‌బీఆర్‌టీ ఉంది. సూది పెట్టడానికి వీలుకాని చోట ఉన్న గడ్డలకు, ఎముకకు పాకి నొప్పి పెడుతున్నప్పుడు ఉపయోగపడుతుంది.

కీమో ఇస్తారా? జుట్టు రాలిపోతుందా?

సెలైన్‌లో ఎక్కించే మామూలు కీమో ఈ క్యాన్సర్ మీద పెద్దగా పనిచేయదు. జబ్బు రక్తనాళాల్లోకో లివర్ బయటికో వెళ్లినప్పుడు ఇచ్చేవి రెండు రకాలు: గడ్డ పెరిగే దారులను అడ్డుకునే టార్గెటెడ్ మాత్రలు, మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు.

మాత్రల్లో మొదట వచ్చింది సొరాఫెనిబ్, 2007లో. పెద్ద పరీక్షలో సగటు ఆయువును దాదాపు 8 నెలల నుంచి 10.7 నెలలకు పెంచింది. తక్కువే అనిపిస్తుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఏ మందూ లేదు. దీనికి మన హైదరాబాద్‌తో ఒక సంబంధముంది. బేయర్ కంపెనీ మందు నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు ఉండేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు ఈ మందు తయారుచేసి నెలకు 8,880 రూపాయలకు మించకుండా అమ్మే అనుమతి ఇచ్చారు. పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఇచ్చే ఇలాంటి అనుమతిని కంపల్సరీ లైసెన్స్ అంటారు, మన దేశంలో ఇచ్చిన మొట్టమొదటిది అదే. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నిలిచింది. ఇవాళ మందుల షాపులో జనరిక్ సొరాఫెనిబ్ కొనేవాళ్లలో ఎంతమందికి ఈ కథ తెలుసో!

2018లో లెన్వాటినిబ్ వచ్చింది. 60 కిలోల లోపు వాళ్లకు రోజుకు 8 మిల్లీగ్రాములు, అంతకు పైబడితే 12. ఈ మాత్రలతో జుట్టు ఊడటం కన్నా వేరే బాధలు ఎక్కువ. సొరాఫెనిబ్‌తో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కుతాయి, విరేచనాలవుతాయి. లెన్వాటినిబ్‌తో బీపీ పెరుగుతుంది, థైరాయిడ్ తగ్గుతుంది. మెత్తటి చెప్పులు, రోజూ మాయిశ్చరైజర్, ఇంట్లో ఒక బీపీ మెషిన్ మొదటి రోజు నుంచే పెట్టుకోండి. బాధ ఎక్కువైతే డాక్టర్ డోసు తగ్గిస్తారు. చెప్పకుండా మానేస్తే నష్టం మనకే.

ఇమ్యునోథెరపీ గురించి అందరూ గొప్పగా చెబుతున్నారు. మాకూ అడగాలా?

అడగండి. లివర్ ఇంకా చైల్డ్ ఎ లో ఉన్నవాళ్లకు అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి మూడు వారాలకోసారి ఎక్కిస్తారు. 2020లో దీనికి అనుమతి వచ్చింది. ఈ జంటను సొరాఫెనిబ్‌తో పోల్చి చూసిన పరీక్షలో సగటు ఆయువు సొరాఫెనిబ్‌తో 13.4 నెలలుంటే, దీనితో 19.2 నెలలు. సుమారు 30 శాతం మందిలో గడ్డలు బాగా తగ్గాయి. దుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ జంట ఇంకొకటి.

మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేయించుకోమంటారు. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, సిర్రోసిస్ ఉన్నవాళ్ల అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు పగిలే అవకాశం ఉంది. ఉబ్బి ఉంటే ముందు బ్యాండ్లు వేస్తారు. "గొంతులో పైపు ఎందుకు" అని దీన్ని తప్పించుకోవద్దు. ఇప్పటికే లివర్ మార్పిడి అయినవాళ్లకు ఈ మందులు కొత్త లివర్‌నే తిరస్కరించేలా చేయొచ్చు, అందుకే సాధారణంగా ఇవ్వరు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. కంపెనీల పేషెంట్ సపోర్ట్ ప్రోగ్రాములు ఉన్నాయేమో మీ ఆంకాలజిస్ట్‌ని అడగండి. ఎన్ని డోసుల తర్వాత స్కాన్ చేసి పనిచేస్తోందో లేదో తేలుస్తారో కూడా ముందే అడగండి. ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఆ జవాబు కావాలి.

కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో పసరు మందు ఇప్పించమంటున్నారు.

వద్దు. పసరు పోయించుకుంటే తగ్గిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గే వైరస్ కామెర్లు. క్యాన్సర్‌లో కామెర్లు లివర్ కుంగిపోతోందనో, గడ్డ పైత్యనాళాన్ని నొక్కుతోందనో చెబుతాయి. నాళం నొక్కుకుపోతే స్టెంట్ వేసి దారి తీయొచ్చు, ఆ అవకాశం పసరు పేరుతో పోగొట్టుకోవద్దు. ఆకుల మందు కదా, హాని చేయదులే అనుకుంటాం. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ విపరీతంగా వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు. ఇప్పటికే వాడుతున్నారా? తిట్టను. డాక్టర్‌కు మాత్రం దాచకుండా చెప్పండి.

ఏం తినాలి? పప్పు, గుడ్డు మానేయమన్నారు.

పాతకాలపు పథ్యం అది. సిర్రోసిస్‌లో కండ కరిగిపోవడమే పెద్ద సమస్య, కాబట్టి పప్పు, పెరుగు, గుడ్డు, చేప కావాలి. రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ తీసుకోమంటారు. రాత్రి పడుకునే ముందు ఏదైనా తినాలి, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండకూడదు. శనివారాలు, ఏకాదశులు ఉపవాసాలు ఇక ఆపేయండి. దేవుడు ఏమీ అనుకోడు. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించాలి, అంటే ఆవకాయ, అప్పడాలు, ఉప్పు మిరపకాయలు పక్కన పెట్టాలి. మా మామయ్యకు అన్ని మందుల కన్నా ఇదే కష్టమైంది. బూజు పట్టిన వేరుశనగలు, మొక్కజొన్నలు పారేయండి, వాటిలోని అఫ్లాటాక్సిన్ కూడా ఈ క్యాన్సర్‌కు ఒక కారణం. మద్యం చుక్క కూడా వద్దు.

నొప్పికి షాపులో మాత్ర తెచ్చుకోవచ్చా?

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. పారాసిటమాల్ తక్కువ మోతాదులో, సాధారణంగా రోజు మొత్తం మీద 2 గ్రాములు మించకుండా, డాక్టర్‌ను అడిగి వాడొచ్చు.

ఖర్చు ఎలా?

వైద్యం మొదలయ్యాక కాకుండా ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వస్తుంది. ఏ చికిత్స ప్యాకేజీలో ఉందో, ఏది లేదో పేరు పెట్టి అడగండి. లేనిదానికి సీఎం సహాయనిధి ఎల్‌ఓసీ (ఖర్చుకు ప్రభుత్వం ముందే ఇచ్చే హామీ పత్రం) అడ్మిషన్‌కు ముందే తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, ఉస్మానియా, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ఉన్నవి. హెపటైటిస్ బి, సి మందులు జాతీయ కార్యక్రమం కింద ఉచితం.

"ఇంక వైద్యం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు.

క్యాన్సర్ మీద వైద్యం ఆగిందని ఆ మాటకు అర్థం. లివర్ పూర్తిగా కుంగిపోయినవాళ్లకు మాత్రలూ ఇంజెక్షన్లూ బాధే మిగులుస్తాయి. కానీ నొప్పి, నీరు, దురద, నిద్రలేమి, ఆయాసం, వీటికి వైద్యం చివరిరోజు దాకా ఉంటుంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు, ఎంఎన్‌జేలో దానికి ప్రత్యేక విభాగం ఉంది. మార్ఫిన్ అనగానే భయపడకండి, మోతాదు తెలిసిన డాక్టర్ చేతిలో అది మంచి మందు. పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాట తడబాటు కనిపిస్తే లివర్ వడకట్టలేని విషాలు మెదడుకెక్కుతున్నాయని గుర్తు, మలబద్ధకం లేకుండా చూడాలి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. నల్లటి విరేచనం, రక్తపు వాంతి అయితే ఆగకుండా ఆసుపత్రికే.

పేషెంట్‌కు చెప్పాలా, వద్దా?

మా ఇంట్లో అత్తయ్య "ఆయనకు చెప్పొద్దు" అని డాక్టర్ చేతులు పట్టుకుంది. నాలుగు నెలల తర్వాత మామయ్యే నన్ను పక్కకు పిలిచి, "ఆ వార్డు బోర్డు నేనూ చదవగలను రా" అన్నాడు. ఆ తర్వాత ఆయన పొలం కాగితాలు సరిచేసుకున్నాడు, తిరుపతి వెళ్లొచ్చాడు. ఎంత చెప్పాలో ఆయన్నే అడగడం మేలని నా అభిప్రాయం.

వైద్యం అయ్యాక ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలి? ఇంట్లోవాళ్లకూ పరీక్షలు కావాలా?

మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి సీటీ లేదా ఎంఆర్‌ఐ, తర్వాత ఆరు నెలలకోసారి. హెపటైటిస్ బి ఉంటే ఎంటెకావిర్, టెనోఫోవిర్ మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదు. పేషెంట్‌కు హెపటైటిస్ బి ఉంటే భార్యాపిల్లలు, తోబుట్టువులు అందరూ హెచ్‌బీఎస్‌ఏజీ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి, లేనివాళ్లు టీకా వేయించుకోవాలి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపే మొదటి డోసు.

రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఏం పట్టుకెళ్లాలి?

స్కానింగ్ రిపోర్టు కాగితం చాలదు. సీడీ తప్పకుండా తీసుకెళ్లండి, బొమ్మలు చూడకుండా సర్జన్ ఏమీ చెప్పలేడు. లివర్ ఫంక్షన్, ప్రోథ్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టే సమయం), ఏఎఫ్‌పీ, హెపటైటిస్ పరీక్షలు నెలలోపువి, ఎండోస్కోపీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, బరువు రాసుకున్న కాగితం పెట్టుకోండి. సర్జన్, లివర్ డాక్టర్, ఆంకాలజిస్ట్, రేడియాలజిస్ట్ కలిసి కూర్చుని కేసు చూసే ట్యూమర్ బోర్డు ఆ ఆసుపత్రిలో ఉందేమో రిసెప్షన్‌లోనే కనుక్కోండి. ఉంటే మీ ఫైలు అందులో పెట్టమని అడగండి, సాధారణంగా వారానికోసారి జరుగుతుంది.